భూమి వాడుక మారితే ఋణం ఏమవుతుంది?
అండమాన్ దీవులలోని ఋణగ్రహీతలు, డీలర్లు గమనించవలసిన విషయాలు

అండమాన్ నికోబార్ దీవుల మొత్తం విస్తీర్ణం 8,249 చదరపు కిలోమీటర్లు. అందులో 7,171 చదరపు కిలోమీటర్లు, అనగా నూటికి దాదాపు 87 వంతులు, ప్రభుత్వ రికార్డుల ప్రకారం అటవీ భూమి. మిగిలిన కొద్దిపాటి నేలలోనే ఊళ్ళు, రోడ్లు, కార్యాలయాలు, రక్షణ స్థావరాలు, బడులు, కొబ్బరి తోటలు, పోక తోటలు, వరి మళ్ళు అన్నీ ఇమడవలసి ఉన్నది. అందునా చదునుగా ఉండి నీరు నిలిచే పల్లపు భూమి మరీ తక్కువ. ఇల్లు కట్టుకోవడానికీ, దుకాణం పెట్టడానికీ, పర్యాటకులకు గదులు వేయడానికీ అందరి చూపూ ఆ పల్లం మీదనే పడుతున్నది.

2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవులలో నూటికి 13 మందికి పైగా తెలుగు మాతృభాషగా గలవారు. శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల నుండి చేపల వేటకూ, కూలి పనులకూ, వ్యాపారానికీ ఓడ దిగినవారి బిడ్డలు, మనుమలు నేడు ఇక్కడ భూమి గలవారు, దుకాణాలు గలవారు. మన శాఖలకు వచ్చే దరఖాస్తులలో వీరివి తక్కువేమీ కాదు. వీరిలో చాలామందికి భూచట్టమంటే తాతల ఊరిలో విన్నదే తెలుసు. పట్టా ఉంటే భూమి మనది, మన భూమిలో మనకు తోచినది వేసుకోవచ్చును అన్న భావం అక్కడి నుండి వచ్చినదే. అది ఆంధ్ర దేశంలో కూడా పూర్తిగా నిజం కాదు. దీవులలోనైతే అసలే కాదు.

ఒక పెద్దాయన తన వరి మడి గట్టున నిలబడి అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం. “బాబూ, నేల నాది, డబ్బు నాది. మధ్యలో ఈ కాగితం ఎవరిది?” ఆయన అడిగినది న్యాయమైన ప్రశ్న. దానికి సమాధానం కాస్త వెనుక నుండి మొదలు పెట్టవలసి ఉంటుంది.

నేల ఎవరిది?

1858లో ఆంగ్లేయ ప్రభుత్వం ఇక్కడ ఖైదీల వలసను స్థాపించింది. సత్ప్రవర్తన గల ఖైదీలకు కొంతకాలం తరువాత టికెట్టు ఇచ్చి, సాగు చేసుకొనడానికి నేల చూపించేవారు. వారిని స్వయంపోషకులు అనేవారు. ఆ నేల వారికి అమ్మినది కాదు, దయతో ఇచ్చినదీ కాదు. షరతుల మీద, ప్రభుత్వం తిరిగి తీసుకొనగల హక్కుతో ఇచ్చినది. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1949 నుండి తూర్పు బెంగాలు కాందిశీకుల కుటుంబాలను ఇక్కడ స్థిరపరచినప్పుడు కుటుంబానికి ఇంత పల్లం వరికి, ఇంత కొండవాలు తోటకు, ఇంత ఇంటి స్థలం అని లెక్క కట్టి ఇచ్చారు. ఇక్కడ గమనించవలసినదేమనగా, నేల చేతికి వచ్చిన నాడే దాని వాడుక కూడా కాగితం మీద నిర్ణయమైపోయింది.

ఈ పద్ధతినంతటినీ ఒక చట్టరూపంలో పెట్టినది 1966 నాటి అండమాన్ నికోబార్ దీవుల భూ రెవిన్యూ, భూసంస్కరణల రెగ్యులేషన్. దీవులకు శాసనసభ లేదు కనుక రాజ్యాంగంలోని 240వ అధికరణం క్రింద రాష్ట్రపతి జారీ చేసే రెగ్యులేషన్లే ఇక్కడ చట్టాలు. పేరు వేరైనంత మాత్రాన దీనికి చట్టం కన్న బలం తక్కువ అనుకొనరాదు. ఈ రెగ్యులేషన్ ప్రకారం దీవులలోని భూమికి అసలు యజమాని ప్రభుత్వమే. సాగుదారు ఆక్యుపెన్సీ టెనెంటుగా గాని, నాన్-ఆక్యుపెన్సీ టెనెంటుగా గాని, గ్రాంటీగా గాని, లైసెన్సీగా గాని దానిని అనుభవిస్తాడు. ఆక్యుపెన్సీ హక్కు వారసులకు సంక్రమిస్తుంది. ఆచరణలో అది సొంత భూమి వంటిదే. కాని అమ్మాలన్నా, దానమివ్వాలన్నా, తనఖా పెట్టాలన్నా, వాడుక మార్చాలన్నా డిప్యూటీ కమిషనర్ కార్యాలయం గడప తొక్కవలసిందే.

కనుక పెద్దాయన ప్రశ్నకు సమాధానం ఇది. నేల మీద అనుభవ హక్కు ఆయనది, డబ్బు ఆయనది. ఆ నేలను దేనికి వాడవలెనన్న నిర్ణయంలో మాత్రం ప్రభుత్వానికి కూడా భాగం ఉన్నది. ఆ భాగమే ఆ కాగితం.

వాడుక మార్పు అంటే కట్టడం ఒక్కటే కాదు

ఇటుక మీద ఇటుక పెట్టినప్పుడే అనుమతి కావాలని చాలామంది నమ్మకం. ప్రణాళికా చట్టాల దృష్టి వేరు. 1947లో ఇంగ్లండులో వచ్చిన టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టం, కట్టడంతో పాటు నేలనో భవనాన్నో ఒక వాడుక నుండి మరొక వాడుకకు చెప్పుకోదగినంతగా మార్చడాన్ని కూడా “అభివృద్ధి” అనే మాటలోనే చేర్చింది. ఆ ఆలోచన మన దేశపు ప్రణాళికా చట్టాలలోకి కూడా వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం ఆ బాటలోనిదే. దీవులకు 1994లో టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ రెగ్యులేషన్ వచ్చింది. అదే సంవత్సరం పురపాలక, పంచాయతీ రెగ్యులేషన్లు కూడా వచ్చాయి.

దీని అర్థం ఏమనగా, ఒక్క గోడ కూడా కదపకుండానే వాడుక మారవచ్చు. కాపురముంటున్న ఇంటి ముందు గదిలో ఎరువుల బస్తాలు పేరిస్తే అది దుకాణమో గోదామో అవుతుంది. మేడ మీది నాలుగు గదులను రోజు అద్దెకు పర్యాటకులకు ఇస్తే అది వసతి గృహం అవుతుంది. తలుపులు అవే, కిటికీలు అవే. మారినది వాడుక.

ఇక్కడ రెండు మార్పులను విడదీసి చూడవలెను. మొదటిది రెవిన్యూ మార్పు. వ్యవసాయ భూమిని వ్యవసాయేతర భూమిగా మార్చడం. ఇక్కడి కార్యాలయాలలో దీనిని డైవర్షన్ అంటారు. రెండవది ప్రణాళికా మార్పు. నివాసం నుండి వాణిజ్యానికో, వాణిజ్యం నుండి పరిశ్రమకో మారడం. మొదటిది డిప్యూటీ కమిషనర్ పరిధి. రెండవది ప్రణాళికా విభాగం, పురపాలక సంఘం, పల్లెలలో పంచాయతీల పరిధి. ఒకటి వచ్చినంత మాత్రాన రెండవది వచ్చినట్లు కాదు. మన శాఖలలో ఎక్కువ ఫైళ్ళు ఆగిపోయేది ఈ మధ్యనే. డైవర్షన్ ఉత్తర్వు చేత పట్టుకొని, అనుమతులన్నీ అయిపోయినవని వచ్చేవారు కొందరు. పంచాయతీ కాగితం చూపి భూమి మారిపోయిందనేవారు మరికొందరు.

ఆంధ్ర ప్రాంతపు పాఠకులకు “నాలా” అన్న మాట పరిచితమే. 1963 నాటి వ్యవసాయేతర భూముల పన్ను చట్టం ఆంగ్ల నామంలోని తొలి అక్షరాల నుండి వచ్చిన మాట అది. 2006లో ఆ చట్టం పోయి వ్యవసాయ భూముల మార్పిడి చట్టం వచ్చినా జనం నోట నాలా అన్న పేరే నిలిచింది. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ 2006 చట్టాన్ని కూడా రద్దు చేయడానికి నిర్ణయించింది. ఆ వార్త పత్రికలలో చూసి, ఇక ఎక్కడా మార్పిడి అనుమతి అక్కరలేదని దీవులలోని బంధువులకు ఫోనులో చెప్పేవారున్నారు. అక్కడి చట్టం రద్దుకు ఇక్కడి రెగ్యులేషన్‌తో ఏ సంబంధమూ లేదు.

వరి మడిలో ఇల్లు

మాటవరసకు ఒక రైతును తీసుకుందాం. ఫెరార్‌గంజ్ తహసీలులో రోడ్డు ప్రక్కన రెండు హెక్టార్ల భూమి. కొంత వరి, మిగిలినది కొబ్బరి, పోక. కుమారునికి పెళ్ళి అయినది. రోడ్డు వైపున ఇల్లు, దానికి ముందు రెండు కొట్లు వేయాలని కోరిక. బ్యాంకులో ఇదివరకే కిసాన్ క్రెడిట్ కార్డు మీద పంట ఋణం ఉన్నది.

ఆ రైతు చేయకూడని పని ఒకటున్నది. పంట ఋణం సొమ్ముతో పునాది తీయడం. సకాలంలో తీర్చిన రైతుకు నికరంగా 4 శాతం వడ్డీయే పడే పంట ఋణం కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ వలన వచ్చినది. అది పంటకు మాత్రమే. క్షేత్ర పరిశీలనలో వరికి బదులు పునాది రాళ్ళు కనిపిస్తే రాయితీ పోవడమే గాక, ఋణం దుర్వినియోగమైనదని ఫైలులో వ్రాయవలసి వస్తుంది. ఆ ఒక్క వాక్యం తరువాతి ఋణాలన్నిటికీ అడ్డు నిలుస్తుంది. అది వ్రాయడం ఏ అధికారికీ ఇష్టమైన పని కాదు.

చేయవలసిన పని ఇది. రెండు హెక్టార్లకూ డైవర్షన్ అడగనక్కరలేదు. ఇంటికీ కొట్లకూ కావలసినది 600 చదరపు మీటర్లయితే ఆ మేరకు పట్వారీ చేత కొలిపించి, ఉపవిభజన చేయించి, ఆ ముక్కకు మాత్రమే దరఖాస్తు పెట్టుకొనవలెను. మిగిలిన భూమి వ్యవసాయ భూమిగానే ఉండి పంట ఋణానికి అర్హత నిలుస్తుంది. మార్చిన ముక్క గృహ ఋణానికీ, వ్యాపార ఋణానికీ విడిగా తనఖా కాగలదు. ఇందువలన ఒక ఋణంలో చిక్కు వస్తే రెండవ దానికి అంటదు. మొత్తం భూమిని ఒకే ముద్దగా తనఖా పెట్టినవారు ఒక చిన్న భాగాన్ని తరువాత విడిపించుకోవడానికి పడే ప్రయాస చూచినవారికి ఈ విభజన విలువ తెలుస్తుంది.

ముందుగా తనఖాలో ఉన్న భూమికి డైవర్షన్ అడిగేటప్పుడు బ్యాంకుకు తెలియజేయడం మరువరాదు. తనఖా ఉన్న ఆస్తి స్వభావాన్ని మార్చడానికి బ్యాంకు అంగీకారం అవసరం. సాధారణంగా బ్యాంకు అడ్డు చెప్పదు, ఎందుకనగా భూమి విలువ పెరుగుతుంది. కాని చెప్పకుండా మార్చితే దస్తావేజులోని వర్ణనకూ నేల మీది స్థితికీ పొంతన ఉండదు.

విలువ విషయం మరొకటి. రోడ్డు ప్రక్కన వరి మడి కొనడానికి వచ్చేవాడు ఇచ్చే ధర ఇంటి స్థలం ధర కావచ్చు. బ్యాంకు తరఫున విలువ కట్టేవారు మాత్రం రికార్డులో ఉన్న వాడుకకే విలువ కడతారు. ఊళ్ళో అంత ధర పలుకుతుంటే బ్యాంకు ఇంత తక్కువ కడుతున్నదేమని కోపగించుకొనేవారున్నారు. రేపు ఆ భూమి వేలానికి వస్తే కొనేవానికి దొరికేది కాగితంలో ఉన్నదే గాని, ఊరి మాటలో ఉన్నది కాదు.

డీలర్లకు రెండు మాటలు

ఎరువులు, విత్తనాలు, పురుగుమందులు, పంపుసెట్లు అమ్మే డీలర్లు మన పత్రిక పాఠకులలో చాలామంది. ఓడ వచ్చిన వారంలో సరకు ఒక్కసారిగా దిగడం దీవులలోని వ్యాపార లక్షణం. ప్రధాన భూభాగంలో వలె లారీ మీద రోజుకు కొంత తెప్పించుకోవడానికి వీలులేదు. అందువలన నిల్వ చోటు ఎక్కువ కావలసి ఉంటుంది. ఇల్లు గోదాము కావడం ఇక్కడ ఎక్కువగా జరగడానికి కారణం అదే. దీనిని అర్థం చేసుకొనవలెనే గాని ఊరకే తప్పు పట్టనక్కరలేదు.

కాని భీమా కంపెనీ అర్థం చేసుకొనదు. అగ్ని భీమా పాలసీలలో సాధారణంగా ఒక షరతు ఉంటుంది. భవనంలో జరిగే వ్యాపారం గాని, భవనం వాడుక గాని ప్రమాదం పెరిగే విధంగా మారినప్పుడు, కంపెనీకి తెలిపి అంగీకారం పొందని పక్షంలో పాలసీ ఆ ఆస్తికి వర్తించడం ఆగిపోతుంది. నివాస గృహమని పాలసీ తీసుకొని క్రింది అంతస్తులో పురుగుమందులూ, ఎరువులూ నిల్వ చేసినవారికి అగ్ని ప్రమాదం జరిగిన నాడు ఆ షరతు గుర్తుకు వస్తుంది. సరకు మీద బ్యాంకు హైపోథికేషన్ ఉన్నది కనుక నష్టం డీలరుది, ఋణం కూడా డీలరుదే. ప్రీమియం ఏటా కట్టిన రసీదులన్నీ పెట్టెలో భద్రంగా ఉండి కూడా ఉపయోగం లేకపోవడం కంటె బాధాకరమైన సంగతి వ్యాపారంలో మరొకటి ఉండదు.

మరొక విషయం కట్టడపు బలం. దీవులు భూకంప తీవ్రత అత్యధికంగా ఉండే మండలంలో ఉన్నవి. ఒక కుటుంబం కాపురానికి వేసిన స్తంభాలు బస్తాల బరువును గాని, అదనపు అంతస్తులను గాని మోయడానికి వేసినవి కావు. వాడుక మార్పు అనుమతిలో ఇంజనీరు ధ్రువపత్రం అడగడం వేధింపు కాదు. 2004లో నేల కదలినప్పుడు ఇక్కడ ఉన్నవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

సముద్రమే వాడుక మార్చినప్పుడు

ఇంతవరకూ మనిషి తన ఇష్టంతో వాడుక మార్చిన సంగతి చెప్పుకున్నాం. దీవులలో మరొక రకం మార్పు కూడా జరిగింది. దానికి ఏ దరఖాస్తూ లేదు.

2004 డిసెంబరు 26 నాటి భూకంపంతో దక్షిణ అండమాన్‌లో నేల సుమారు ఒక మీటరు క్రిందికి దిగింది. అదే సమయంలో ఉత్తర అండమాన్ తీరంలో కొన్ని చోట్ల నేల పైకి లేచింది. సునామీ కెరటం వచ్చి పోయింది. కాని దిగిన నేల దిగినట్లే ఉండిపోయింది. అప్పటి పోర్ట్ బ్లెయిర్, ఇప్పటి శ్రీ విజయపురం సమీపంలోని సిప్పీఘాట్ ప్రాంతంలో వరి పండిన పల్లం పోటు నీటి పాలైంది. రోజుకు రెండుసార్లు సముద్రం వచ్చి మళ్ళను పలకరించి పోతున్నది. ఆ దారిన వెళ్ళేవారికి ఉప్పునీటిలో నిలిచిన మోడులు చాలాకాలం కనిపించాయి.

పల్లపు భూమిని ఇట్లు పోగొట్టుకొన్న రైతు ముందున్న చిక్కు చూడండి. రికార్డులో వరి భూమి. నేల మీద ఉప్పునీటి మడుగు. వరి వేయడం సాధ్యం కాదు కనుక పంట ఋణం లేదు. ఇంటికి పనికిరాదు. మిగిలిన ఒక్క మార్గం ఉప్పునీటి చేపలో, రొయ్యలో, పీతలో పెంచడం. తన తప్పు లేకుండా పోయిన జీవనాధారానికి బదులుగా సముద్రం ఇచ్చిన దానినే వాడుకుంటానంటే అది కూడా చట్టం కంటికి వాడుక మార్పే.

అది ఎంత తేలిక కాదో తెలుగు రైతులకు ఎవరూ చెప్పనక్కరలేదు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు రొయ్యల చెరువుల వ్యాజ్యంలో తీర్పు ఇస్తూ, వ్యవసాయ భూములను, మడ అడవులను, ఉప్పు మళ్ళను రొయ్యల చెరువులుగా మార్చరాదని చెప్పింది. తరువాత 2005లో పార్లమెంటు కోస్తా ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని తెచ్చింది. దాని క్రింద నమోదు లేనిదే తీరప్రాంతంలో ఉప్పునీటి సాగు చేయరాదు. ఇక కొల్లేరు సంగతి. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన ప్రాంతంలోని చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వమే యంత్రాలతో కొట్టివేయించింది. గట్లతో పాటు వాటి మీద పెట్టిన పెట్టుబడి కూడా నీటిలో కలిసింది. వాటిలో ఏళ్ళ తరబడి చేపలు పట్టి అమ్మిన చెరువులున్నవి. ఎన్నేళ్ళు నడిచినా అనుమతి లేని వాడుకకు ఆ నడకే హక్కు కాదని అక్కడ తేలిపోయింది.

దీవులలో దీనికి తోడు తీరరేఖ ప్రశ్న ఉన్నది. తీరప్రాంత నియమాలన్నీ పోటు రేఖ నుండి కొలుస్తారు. నేల దిగినప్పుడు పోటు రేఖ లోపలికి జరిగింది. నిన్నటి వరకు సముద్రానికి ఎంతో దూరాన ఉన్న తోట, గట్టు కదలకుండానే, నియంత్రిత ప్రాంతంలోకి వచ్చి చేరింది. దీవులకు 2011లో ప్రత్యేకంగా ద్వీప రక్షణ మండల నోటిఫికేషన్ వచ్చింది. 2019లో సడలింపులతో కొత్త నోటిఫికేషన్ వచ్చింది. ఆ సడలింపులలో పర్యావరణ పర్యాటక వసతులకు పెద్ద దీవులలో పోటు రేఖ నుండి 50 మీటర్లు, చిన్న దీవులలో 20 మీటర్లు అన్న కొలత ప్రచారం పొందింది. ఆ అంకెలు విని, 21వ మీటరు నుండి తమ ఇష్టమేనని అనుకొనేవారున్నారు. దూరం సరిపోయినంత మాత్రాన డైవర్షన్, ప్రణాళికా అనుమతి, నీటి లభ్యత మొదలైనవి సరిపోయినట్లు కాదు. కొలత కూడా ఆమోదించిన పటంలోని పోటు రేఖ నుండి, మన కంటికి కనిపించే నురగ నుండి కాదు.

నా అభిప్రాయంలో సముద్రం ముంచిన భూముల విషయంలో వ్యక్తిగత దరఖాస్తులు ఒక్కొక్కటిగా తిరగడం కంటె, ఒక ప్రాంతపు రైతులంతా కలిసి, మత్స్య శాఖ ద్వారా సామూహికంగా అడగడం మేలు. నీరు ఒకరి మడి నుండి మరొకరి మడికి పారుతుంది. ఒకరికి మాత్రమే అనుమతి వచ్చి ప్రక్కవారికి రాకపోతే గట్టు తగాదా తప్పదు. పరిశీలనకు పోయిన అధికారికి కూడా ఒక్క పటం చూడడం తేలిక.

అడగనే అక్కరలేని చోట్లు

కొన్ని భూములలో వాడుక మార్పు అన్న ప్రశ్నే పుట్టదు. అటవీ భూమి 1980 నాటి కేంద్ర చట్టం క్రింద ఉన్నది. ఆక్రమించిన అడవిలో కట్టిన ఇంటికి పంచాయతీ నీటి కుళాయి ఉండవచ్చు, విద్యుత్తు మీటరు ఉండవచ్చు. అవి హక్కు పత్రాలు కావు. 2002 మే నెలలో సుప్రీంకోర్టు శేఖర్ సింగ్ కమిషన్ నివేదిక మీద ఇచ్చిన ఉత్తర్వుల తరువాత అడవి ఆక్రమణల మీద ఏ బ్యాంకూ ఆశ పెట్టుకొనజాలదు. ఆదిమ జాతుల రిజర్వులు 1956 రెగ్యులేషన్ రక్షణలో ఉన్నవి. అక్కడ బయటివారికి భూమి ప్రసక్తే లేదు.

రిజర్వు వెలుపలి భూమి కూడా ఒక్కొక్కచోట నిశ్చింత కాదు. జారవాల రిజర్వును ఆనుకొని 5 కిలోమీటర్ల వరకు బఫరు మండలాన్ని 2007లో ప్రకటించారు. ఆ మండలంలోని ఒక పర్యాటక వసతి వ్యవహారం కలకత్తా హైకోర్టు నుండి సుప్రీంకోర్టు వరకు నడిచింది. 2012లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో అక్కడి వాణిజ్య, పర్యాటక కార్యకలాపాలు నిలిచాయి. హక్కు పత్రం సరిగా ఉన్నా, భవనం గట్టిగా ఉన్నా, ఆ వాడుకకు ఆ చోటు తగదని తేలితే వాయిదాలు కట్టే ఆదాయం ఆగిపోతుంది. కనుక రిజర్వు సరిహద్దుకు దగ్గరలో వసతి గృహపు పథకం తెచ్చినవారిని ముందుగా ఆ హద్దు ఎంత దూరమని మన అధికారి అడిగితే అది అనుమానంతో కాదు.

తనఖా చిక్కు

వ్యవసాయ భూమిని వ్యవసాయ భూమిగానే రికార్డులో ఉంచి దాని మీద వ్యాపార భవనం కడితే తమకు ఒక రక్షణ ఉంటుందని కొందరు తెలివైనవారు లెక్క వేస్తారు. ఆ లెక్క ఇది. 2002 నాటి సర్ఫేసి చట్టం ప్రకారం మొండి బకాయి ఏర్పడినప్పుడు బ్యాంకు కోర్టుకు పోకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోవచ్చు. కాని అదే చట్టంలోని 31వ సెక్షను వ్యవసాయ భూమి మీది హామీని ఆ అధికారం నుండి మినహాయించింది. కనుక రికార్డు మార్చకపోతే బ్యాంకు ఏమీ చేయలేదని వారి ఊహ.

ఈ ఊహను 2018లో సుప్రీంకోర్టు గోవా తీరంలోని ఒక పెద్ద హోటలు వ్యవహారంలో త్రోసిపుచ్చింది. అక్కడ తనఖాలో ఉన్న భూమిలో కొంత రికార్డులో వ్యవసాయ భూమి. ఆచరణలో అది హోటలు ఆవరణలో భాగం. వ్యవసాయం జరగని భూమికి రికార్డులోని పేరు చూపి రక్షణ అడగడం చెల్లదని న్యాయస్థానం తేల్చింది. నిజముగా దున్ని పంట తీసే రైతుకు ఆ మినహాయింపు నేటికీ అండగా ఉన్నది. అది ఉండవలసినదే. కాని అది దున్నేవాని కోసం పెట్టినది, రికార్డు మార్చడం ఎగవేసినవాని కోసం కాదు.

అనుమతి లేని మార్పు వలన ఋణగ్రహీతకు కలిగే స్థితి ఇందులో స్పష్టంగా కనిపిస్తుంది. వ్యవసాయ భూమికి గల రక్షణ పోతుంది. వాణిజ్య భూమికి గల విలువ రాదు. రెండిటికీ చెడినవాడవుతాడు.

శాఖకు వచ్చేటప్పుడు

డైవర్షన్ దరఖాస్తు పెట్టిన రసీదును చూపి ఋణం మంజూరు చేయమని అడిగేవారు చాలామంది. రసీదు అనుమతి కాదు. అయితే ఉత్తర్వు వచ్చేవరకు బ్యాంకు వద్దకు రాకూడదనీ కాదు. ముందుగానే రావడం మంచిది. పథకం చూచి, ఆదాయం లెక్క కట్టి, ఉత్తర్వు వచ్చిన పిమ్మట సొమ్ము విడుదల అన్న షరతుతో మంజూరు ఇవ్వడానికి వీలున్నది. ఆ లోగా న్యాయవాది అభిప్రాయం, విలువ నిర్ధారణ నడుస్తుంటాయి. ఉత్తర్వు రాక ఆలస్యమైతే మాత్రం సామగ్రి ముందుగా కొని పెట్టుకొనరాదు. ఇక్కడి తేమకు సిమెంటు నెలల తరబడి ఆగదు. ఇనుము తుప్పు పడుతుంది.

ఉత్తర్వు చేతికి వచ్చిన తరువాత మరొక పని మిగిలి ఉంటుంది. ఆ మార్పును హక్కుల రికార్డులో ఎక్కించుకోవడం. ఉత్తర్వు ఫైలులో ఉండి, రికార్డు నకలులో ఇంకా వరి అనే ఉంటే న్యాయవాది అభ్యంతరం వ్రాస్తాడు. తహసీలు కార్యాలయం నుండి కొత్త నకలు తీసుకొని, దానిలోని విస్తీర్ణం ఉత్తర్వులోని విస్తీర్ణంతో సరిపోయిందో లేదో అక్కడే నిలబడి చూసుకొనవలెను. దశాంశ బిందువు ఒక స్థానం జరిగిన నకళ్ళు సరిచేయించడానికి మళ్ళీ మొదటి బల్ల దగ్గర నుండి తిరగవలసి వస్తుంది.

ఉత్తర్వులో ఉండే షరతులను కూడా చదివించుకొనవలెను. కట్టడం ఇన్నాళ్ళలో మొదలు పెట్టవలెననో, కాలువకు ఇంత దూరం విడువవలెననో, కోరిన వాడుకకు తప్ప మరి దేనికీ వాడరాదనో ఉండవచ్చు. నివాసానికని డైవర్షన్ పొందిన చోట వసతి గృహం నడిపితే అది మళ్ళీ కొత్త మార్పు.

పేరు విషయంలో ఒక చిన్న సూచన. 2018 డిసెంబరులో హేవ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అనీ, నీల్ షహీద్ ద్వీప్ అనీ మారాయి. 2024 సెప్టెంబరులో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయినది. పాత దస్తావేజులలో పాత పేర్లే ఉంటాయి. వాటిని దిద్దనక్కరలేదు, దిద్దకూడదు కూడా. కొత్త దరఖాస్తులో కొత్త పేరు వ్రాసి, పూర్వ నామం ఇది అని ప్రక్కన చేర్చితే సర్వే నంబరును బట్టి రెండూ ఒకటేనని న్యాయవాది సరిచూస్తాడు. కొట్టివేతలూ, దిద్దుబాట్లూ ఉన్న అసలు పత్రాన్ని మాత్రం ఏ శాఖా తనఖాకు తీసుకొనదు.